లేబర్ షెడ్డుల్లో పెద్దోళ్లకి చదువు చెప్పాలనుకుంటే హాజరు లెక్కతో మొదలెట్టండి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు అపార్ట్‌మెంట్ల వెనకాల రేకుల షెడ్డుల్లో మన అనంతపురం, కర్నూలు నుంచి బేల్దారి పనికొచ్చినోళ్లు కనిపిస్తూనే ఉంటారు కదా, వాళ్లకి రాత్రిపూట నాలుగు అక్షరాలు చెప్దామనుకునేవాళ్ల కోసం ఇది.

నా తప్పు ముందే చెప్పేస్తా. పలకలు పట్టుకెళ్లి అ ఆలు మొదలెట్టా, మొదటిరోజు 14 మంది, మూడోరోజు ఇద్దరు, అందులో ఒకాయన టీ కోసమే వచ్చాడేమో. పొద్దంతా ఇటుకలు మోసిన అక్కకి "అ అంటే అమ్మ" దేనికండీ?

అందుకే మనిషికో నోట్‌బుక్కు ఇవ్వండి. తేదీ, ఫుల్లా హాఫా, తీసుకున్న అడ్వాన్సు, మూడు గళ్లు చాలు. బట్వాడాకి, అంటే కూలి డబ్బులు చేతికిచ్చే రోజుకి, ముందురోజు కూర్చుని కూడించండి: రోజుకి 700 చొప్పున 6 హాజర్లంటే 4200, అడ్వాన్సు 1500 తీసేస్తే 2700. మేస్త్రీ లెక్కకీ దీనికీ ఒక్కసారి తేడా వచ్చిందనుకోండి, ఇంక మీరు పిలవక్కర్లేదు, పక్క షెడ్డువాళ్లని కూడా వాళ్లే లాక్కొస్తారు. కాకపోతే ఆ గొడవలోకి మీరు ముందు దూకొద్దు, పని పోయేది వాళ్లకి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా మీద తిరగబడింది కూడా ఇలా రాత్రి క్లాసుల్లో మాట్లాడుకునే, గుర్తుందా?

టైము ఎనిమిదిన్నర తర్వాతే, నీళ్లు పట్టుకుని వంటయ్యాక. చంటిపిల్లల్ని వద్దంటే తల్లులు రారు.

ఫోన్‌పే, గూగుల్ పేలో పిన్ కొట్టేది డబ్బులు పంపడానికే, రావడానికి కాదు, ఇది చెప్తే సరిపోదు, పది రూపాయలు ఒకరికొకరు పంపించుకోమనండి. బస్సు బోర్డుల సంగతికొస్తే తెలుగు కాస్త వచ్చినోళ్లకి కన్నడ ఈజీనే, గ, ద, న, ర, బ లాంటివి దాదాపు ఒకటే, తలకట్టు దగ్గరే తేడా, క, త మాత్రం విడిగా నేర్పాలి.

ఇంకోటి, 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు గడిచిన ఏడాదిలో 90 రోజులు కన్‌స్ట్రక్షన్ పని చేసుంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. ఆ 90 రోజులకి సర్టిఫికెట్ అడగడానికి కాంట్రాక్టర్ దగ్గరికెళ్లినప్పుడు నోట్‌బుక్కులో తేదీలుంటే మాట గట్టిగా ఉంటుంది.

పని అయిపోగానే షెడ్డు లేచిపోతుంది, మీ క్లాసూ పోతుంది. ఆలోపే కూడికలు బాగా వచ్చిన అక్కని చూసి మిగిలిన ఖాళీ నోట్‌బుక్కులు ఆమెకిచ్చేయండి.