మునిగేవాళ్ల కోసం మీరు దిగొద్దు

2025 జనవరి 11న కొండపోచమ్మ సాగర్‌లో ఐదుగురు. మే 26న కోనసీమలో కమినిలంక దగ్గర గోదావరిలో ఎనిమిది మంది. జూన్ 7న మేడిగడ్డ దగ్గర ఆరుగురు. జూన్ 15న బాసరలో ఐదుగురు. ఆరు నెలలు తిరక్కముందే నాలుగు చోట్ల ఇరవై నాలుగు ప్రాణాలు, దాదాపు అన్నీ ఎదిగొచ్చిన పిల్లలవే. కాలు జారేది ఒకరికే. మరి ఇంతమంది ఒకేసారి ఎలా పోతున్నారు? ఇలాంటి వార్తల్లో మళ్లీ మళ్లీ కనిపించే వరస ఒక్కటే. ఒకడు లోతులోకి వెళ్తాడు, వాడికి చెయ్యందించబోయి రెండోవాడు, ఆ ఇద్దరి కోసం మూడోవాడు.

వేసవి సెలవులొస్తున్నాయి. పుణ్యస్నానాలకూ బీచ్‌లకూ మనాలికీ బండ్లు కడతారు. ఈత రాకుండా దిగకూడదని, తాగి దిగకూడదని అందరికీ తెలుసు కాబట్టి అవి వదిలేస్తున్నాను. ఇక్కడ చెప్పదలచుకున్నది ముఖ్యంగా రెండో మనిషి గురించి.

రెండో మనిషి ఎలా పోతాడు

మునుగుతున్న మనిషి కేకలు పెట్టడు. నోరు నీటిపైకి తేలి, ఊపిరి సగం అందేలోపే మళ్లీ మునుగుతుంది. ఊపిరికే చాలని చోట అరుపెక్కడి నుంచి వస్తుంది? తల వెనక్కి వాలుతుంది. జుట్టు కళ్ల మీద పడినా తోసుకోడు. రెండు చేతులూ పక్కలకు చాచి, నిచ్చెన ఎక్కుతున్నట్టు నీటిని కిందికి నొక్కుతుంటాడు. ఒడ్డు నుంచి చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఇదంతా 20 నుంచి 60 సెకన్లు, అంతే.

ఆ క్షణంలో చేతికి ఏది దొరికితే దాని మీదికి ఎక్కుతాడు. మీ మెడ దొరికితే మెడ మీదికే. వచ్చింది అన్నా, తమ్ముడా, కన్నతండ్రా అన్న స్పృహ ఉండదు. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా పోయేది ఇక్కడే. మునిగేవాణ్ణి పట్టుకుని ఈదడం విడిగా నేర్చుకుని, సాధన చేయాల్సిన విద్య. చెరువులో అటూ ఇటూ ఈదినంత మాత్రాన అది రాదు.

చేతులు పట్టుకుని గొలుసులా నిలబడితే సరిపోతుందనుకుంటారు. పారే నీళ్లలో ఆ గొలుసు నిలవదు. ఒక్కరి కాలి కింద ఇసుక జారితే పక్కవాళ్లు కూడా పోతారు.

కాబట్టి దిగొద్దు. ఒడ్డు మీద నుంచి చేయగలిగింది చాలా ఉంది. ముందు నేల మీద బోర్లా పడుకోండి, మీ కాళ్లు ఎవరినైనా గట్టిగా పట్టుకోమనండి, అప్పుడు కర్రో వెదురు గడో అందించండి. నిలబడి వంగితే వాళ్ల బరువుకు మీరే ముందుకు పడతారు. చీర ఐదున్నర మీటర్లుంటుంది, తడిసినా తేలిగ్గా చిరగదు. రెండు చున్నీలు ముడేసినా నాలుగు మీటర్లు దాటుతుంది. దూరంగా ఉంటే ఖాళీ ఐదు లీటర్ల నూనె డబ్బా విసరండి. అందులో గ్లాసుడు నీళ్లు పోసి మూత బిగిస్తే గాలికి కొట్టుకుపోకుండా దూరం వెళ్తుంది. మనిషి తల నీటిపైన ఉండటానికి అదొక్కటి చాలు. డబ్బా పిడికి తాడు కట్టి, మనిషి మీదుగా అవతలికి పడేలా విసిరి, మెల్లగా లాగితే వాళ్ల చేతికే వస్తుంది.

బయల్దేరే ముందు కారులో స్టెప్నీ పక్కన ఈ డబ్బా, 20 మీటర్ల ప్లాస్టిక్ తాడు పెట్టుకోండి. పసుపుపచ్చగానో నీలంగానో తేలిగ్గా ఉండే తాడు నీటి మీద తేలుతుంది. నైలాన్ తాడు మునిగిపోతుంది.

గోదావరి, రిజర్వాయర్లు, కాలువలు

ఎండాకాలం గోదావరిలో నీళ్లు తగ్గి ఇసుక తిన్నెలు తేలతాయి. ఇసుక తవ్విన గుంతలు మాత్రం నీటి కింద అలాగే ఉంటాయి, పైనుంచి చూస్తే నీళ్లన్నీ ఒకే మట్టం. మోకాళ్ల లోతులో నడుస్తున్న మనిషికి తర్వాతి అడుగు కింద రెండు నిలువుల లోతు ఉండొచ్చు. గుంత అంచు వదులు ఇసుక, కాలు ఆనదు. వెనక్కి తిరిగే ప్రయత్నంలోనే ఇంకా లోపలికి జారతారు. రేవులో మెట్లూ గొలుసులూ ఉన్నంతమేరే స్నానం చేయాలి.

రిజర్వాయరు గట్టు రాళ్ల వాలు నీటి లోపలికీ అలాగే దిగుతుంది. పాచి పట్టిన ఆ రాళ్ల మీద ఫోటో కోసం రెండడుగులు దిగితే తిరిగి ఎక్కడం దాదాపు కుదరదు. సిమెంట్ లైనింగ్ కాలువలు అంతకన్నా దారుణం. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పడితే ఎదురీదొద్దు. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ముందుకు పెట్టి, మెట్లో వంతెనో వచ్చేదాకా నీటితో పాటే పోవాలి.

కొండ నదులు

2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్ల వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. పైన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. వాళ్లు నిలబడి ఫోటోలు దిగింది నది మధ్య రాళ్ల మీద. జలవిద్యుత్ డ్యామ్ కింద ఉన్న నదికి వానతో పనిలేదు. నిర్మలంగా ఎండ కాస్తున్నా గేట్లు ఎత్తితే నిమిషాల్లో పెరుగుతుంది. తేట నీళ్లు బురద రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ఒడ్డు వెంట పరిగెత్తకండి, పైకెక్కండి. చెప్పులూ బ్యాగులూ వదిలేయండి.

సముద్రం

విశాఖ ఆర్.కె. బీచ్‌లో ఒడ్డు దిగడమే నిటారుగా ఉంటుంది. అల వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకను కోసుకుపోతుంది. ఏ బీచ్‌లోనైనా అలలు విరుగుతున్న చోట్ల మధ్య ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపించే సందు ఉంటే అక్కడ దిగొద్దు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదితే అలసిపోవడమే. తేలుతూ చెయ్యెత్తండి, శక్తి ఉంటే తీరానికి సమాంతరంగా పక్కకు ఈదండి. ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో ఎరుపు-పసుపు జెండాల మధ్యే దిగాలి. అమెరికాలో రెండు ఎర్రజెండాలు కలిపి ఎగిరితే నీళ్లలోకి ప్రవేశం లేదని అర్థం.

చలిదేశాలకు వెళ్లిన పిల్లలకు

2022 డిసెంబర్ 26న అరిజోనాలో గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తుండగా మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు పోయారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు పోయారు. మన చెరువుల్లో నేర్చిన ఈత అక్కడ నమ్ముకోవడానికి లేదు. 15 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లలో పడగానే, మనం వద్దనుకున్నా ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాక్కుంటుంది. ఆ క్షణంలో తల నీటి కింద ఉంటే లోపలికి పోయేది నీళ్లే. మొదటి నిమిషం ఈదే ప్రయత్నం మాని, వెల్లకిలా తేలుతూ ఊపిరి సర్దుకోవాలి. తర్వాత చేతులూ కాళ్లూ మాట వినేది పది నిమిషాలే, బయటపడాల్సింది ఆలోపే. మంచు విరిగి పడితే వచ్చిన దిక్కుకే తిరగండి, అంతదాకా మిమ్మల్ని మోసింది ఆ మంచే. మోచేతులు దాని మీద ఆనించి, కాళ్లు ఆడిస్తూ పైకి పాకండి. లేచి నిలబడకుండా దొర్లుకుంటూ రండి. పక్కనున్నవాళ్లు ఆ దేశపు ఎమర్జెన్సీ నంబర్‌కు (అమెరికాలో 911) ఫోన్ చేసి తాడు విసరాలి. దగ్గరికి నడిచి వెళ్తే మంచు మళ్లీ విరుగుతుంది, అక్కడా పోయేది రెండో మనిషే.

మిగిలినవన్నీ ఒక్క చోట రాస్తున్నాను, బండెక్కే ముందు గట్టిగా చదివి అందరికీ వినిపించండి.

- స్నానానికి దిగే ముందు ఒకరు ఒడ్డు మీదే ఉండాలి, ఫోన్ జేబులో పెట్టుకుని, తాడు చేతిలో పట్టుకుని. ఆ మనిషి ఎవరో దిగే ముందే తేల్చుకోండి.
- ఊరివాళ్లు వద్దన్న చోట వాదించొద్దు.
- పడవెక్కే ముందే లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ బిగించండి. భుజాల దగ్గర పట్టి పైకి లాగితే అది గడ్డం దాటి వస్తే సైజు తప్పు. పిల్లలకు పెద్దల జాకెట్ వేయొద్దు.
- ఉక్కపోస్తోందని మధ్యలో విప్పొద్దు.
- రోడ్డు మీద వాగు పారుతుంటే బండి ఆపేయండి. మోకాలు కూడా తడవని నీళ్లు, 30 సెంటీమీటర్లు, చిన్న కారును తేల్చేస్తాయి. ముందు బండి దాటిందని మీది దాటదు.
- పిల్లాడు కనపడకపోతే ముందు నీళ్లలో వెతకండి, తర్వాతే గదులూ కొట్లూ.
- చెప్పు కొట్టుకుపోయిందా, పోనివ్వండి. ఫోన్ పడిందా, పోనివ్వండి.
- ఎవరైనా మునిగితే ఒకరు 112కు ఫోన్, ఒకరు తాడు, ఒకరు మనిషి మీంచి చూపు తిప్పకుండా వేలు చూపిస్తూ నిలబడటం. ఎవ్వరూ దిగొద్దు.
- స్నేహితుడైనా దిగొద్దు. కొడుకైనా ముందు డబ్బా విసరండి, కర్ర అందించండి.
- బయటికి తీశాక తలకిందులు చేయొద్దు, పొట్ట నొక్కొద్దు. ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోటిలోకి ముందు రెండు ఊదులు, తర్వాత ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్లు దిగేలా 30 నొక్కులు, మళ్లీ రెండు ఊదులు. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు.
- నీళ్లు మింగి బయటపడి, మామూలుగా మాట్లాడుతున్నా దగ్గు ఆగకపోతే ఆ రోజే ఆసుపత్రికి. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా ముదురుతుంది.