ట్రైడాక్నా ఆల్చిప్పలకు పట్టే నూకనత్తలను వదిలించే పద్ధతి

పగడాలు పెంచే ఉప్పునీటి రీఫ్ ట్యాంకులో పెరిగే ట్రైడాక్నా (పెద్ద జాతి సముద్రపు ఆల్చిప్ప) ఆరోగ్యంగా ఉంటే, దీపాలు వెలిగిన కాసేపటికే తన రంగురంగుల మాంటిల్‌ను, అంటే చిప్ప లోపలి మెత్తటి కండ పొరను, చిప్ప అంచులు దాటేలా బయటకు పరుస్తుంది. ఆ మాంటిల్‌లో కాపురముండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో తయారుచేసే ఆహారమే దానికి ముఖ్యమైన ఆధారం కనుక, అది ముడుచుకుపోవడం మొదలైతే ఆల్చిప్ప ఆకలితో ఉన్నట్టే లెక్క. ఇలా జరిగినప్పుడు చాలామంది ముందుగా దీపాన్ని, ఆ తరువాత నీటిలోని కాల్షియం, ఆల్కలినిటీ (క్షారత) స్థాయిలను అనుమానిస్తారు. ఆ పరీక్షలు చేయవలసినవే. అయితే అన్నీ సరిగ్గా ఉండి కూడా మాంటిల్ విచ్చుకోకపోతే, పగటి పరిశీలన ఆపి రాత్రి టార్చి పట్టుకుని చూడాలి.

దీపాలు ఆర్పిన రెండు గంటల తరువాత, టార్చి గాజుకు ఎర్ర కాగితం చుట్టి, చిప్ప పై అంచును, కింది భాగాన్ని నెమ్మదిగా పరిశీలించండి. మాంటిల్ చిప్పను తాకే చోట నూకగింజలంత తెల్లటి, కోసుగా ఉన్న నత్తలు వరుసగా కనబడితే అవే నూకనత్తలు, పిరమిడెల్లిడ్ కుటుంబానికి చెందిన పరాన్నజీవులు. చాలా నత్తలకు ఆహారాన్ని గీరి తినే పళ్లపట్టీ ఉంటుంది గాని వీటికి ఉండదు. పొడవాటి తొండాన్ని మాంటిల్‌లోకి గుచ్చి శరీరద్రవాన్ని పీల్చుకుంటాయి. పగలు ఇసుకలోనో, ఆల్చిప్ప రాతిని పట్టుకునే దారాలు చిప్ప అడుగున బయటకు వచ్చే రంధ్రం దగ్గరో దాక్కుంటాయి. అందువల్లనే ట్యాంకు యజమాని వాటిని నెలల తరబడి చూడకపోవచ్చు. పెద్ద ఆల్చిప్ప కొన్నింటిని తట్టుకుంటుంది. అరచేతిలో ఇమిడే చిన్నది తట్టుకోలేదు.

తొలగించడానికి ఆల్చిప్పను రాతి నుంచి విడదీయాలి. పని చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. అడుగు రంధ్రం నుంచి వచ్చి రాతిని పట్టుకున్న దారాలను ఎన్నడూ లాగకూడదు. లాగితే అవి పుట్టే గ్రంథి చిరిగి, నత్త చంపని ఆల్చిప్పను మన చేయే చంపుతుంది. పలుచటి బ్లేడును రాతికి ఆనించి దారాలను కోయాలి, అవి మళ్లీ పెరుగుతాయి. తరువాత ఆల్చిప్పను ట్యాంకు నీరే నింపిన గిన్నెలో ఉంచి, మెత్తటి టూత్ బ్రష్షుతో చిప్పను, ముఖ్యంగా పొలుసుల్లా లేచి ఉండే మడతల సందులను తోమాలి. బ్రష్షు మాంటిల్‌కు తగలకూడదు. ట్రైడాక్నాల్లో స్క్వామోసా అనే జాతికి ఈ మడతలు పెద్దవి కనుక దానికి ఎక్కువ సమయం పడుతుంది.

నత్తలు రాలినంత మాత్రాన పని సగమే అయినట్టు. మడతల సందుల్లో జిగురు ముద్దల్లా పారదర్శకంగా అంటుకుని ఉండేవి వాటి గుడ్లు. కంటికి ఆనవు, గోటికి మాత్రం తగులుతాయి. వాటిని గోటితోనో బ్లేడు మొనతోనో గీకివేసి, ఆ గిన్నె నీటిని ట్యాంకులో పోయకుండా పారబోయాలి. ఆల్చిప్పను తిరిగి పెట్టేటప్పుడు నీటిలోనే అటూ ఇటూ వంచి లోపలి గాలి బుడగలను పోనివ్వాలి. ఎంత జాగ్రత్తగా గీకినా కొన్ని గుడ్లు మిగులుతాయి కనుక మొదటి రెండు వారాలు రెండు మూడు రోజులకొకసారి, ఆపైన వారానికొకసారి, నత్త ఒక్కటీ కనబడని రాత్రులు నెల పాటు వరుసగా గడిచేవరకు ఈ పని సాగించాలి. ఒక్కసారి తోమి వదిలేసినవారి ట్యాంకులోనే ఇవి తిరిగి పుట్టుకొస్తాయి.

సిక్స్‌లైన్ రాస్, మెలనూరస్ రాస్ వంటి చేపలు ఈ నత్తలను ఏరుకుని తింటాయి. సహాయకులుగా అవి మంచివే గాని, అడుగు రంధ్రంలో దూరినవాటిని అందుకోలేవు; పైగా సిక్స్‌లైన్ రాస్ చిన్న ట్యాంకులో తోటి చేపలను తరుముతుంది. కాబట్టి చేపను బ్రష్షుకు బదులుగా కొనకండి. రాగి కలిసిన మందులను ఏ పరిస్థితిలోనూ వాడరాదు, అవి ఆల్చిప్పతో పాటు ట్యాంకులోని రొయ్యలను, పగడాలను కూడా చంపుతాయి.

సైమాటియం నత్త ఇంకా ప్రమాదకరమైనది. కొన్ని సెంటీమీటర్ల వరకు పెరిగే ఈ వేటగాడు చిప్ప లోపలికి చొరబడి మాంసాన్నే తింటుంది. గుంపుగా రాదు, ఒక్కటి చాలు. దాన్ని వెతికి పట్టి తీసివేయడమే మార్గం. ముళ్లపురుగులకు మాత్రం తరచుగా చేయని నేరం అంటగడతారు: చచ్చిన ఆల్చిప్ప దగ్గర అవి కనబడేది ఎక్కువగా శవాన్ని శుభ్రం చేయడానికే.

మాంటిల్ అంచులు ఎవరో చిటికెతో నొక్కినట్టు ఒకచోట ముడతలు పడి, నత్తలేవీ కనబడకపోతే అది వేరే జబ్బు. దానికి అక్వేరియం పెంపకందారులు మంచినీటి స్నానం చేయిస్తారు: ఆర్.ఓ. నీటిని ట్యాంకు ఉష్ణోగ్రతకు తెచ్చి, వంటసోడాతో పీహెచ్‌ను 8.2 దగ్గరకు సరిచేసి, ఆల్చిప్పను 20 నుంచి 30 నిమిషాలు అందులో ఉంచుతారు. నూకనత్తలకు ఈ స్నానాన్ని నమ్ముకోకూడదు; అవి గవ్వ మూత బిగించుకుని కూర్చోగలవు.

కొత్త ఆల్చిప్పను కొన్న రోజునే తోమి, ఇసుక లేని వేరే ట్యాంకులో కొన్ని వారాలు ఉంచితే రాలిన నత్త అడుగున స్పష్టంగా కనబడుతుంది. ఆ ట్యాంకుకు కూడా రీఫ్ దీపమే ఉండాలి, మసక వెలుతురులో ఆల్చిప్ప క్వారంటైన్‌లోనే నీరసిస్తుంది. ఇదంతా అమెరికా వంటి దేశాల్లో చట్టబద్ధంగా పెంచేవారికోసం చెబుతున్నది. భారతదేశంలో ట్రైడాక్నాల్లోని మాక్సిమా, స్క్వామోసా జాతులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి కనుక, ఎవరైనా అమ్మజూపినా వాటిని కొనరాదు.