లారీకి కారు తగిలినప్పుడు ఏజెన్సీ డ్రైవరుగా నేను చేసినవి

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుకొని విజయవాడ వైపు వస్తుండగా, కాజ టోల్‌గేటు ముందు వరుస మారుతున్న ఒక కారు మా లారీ బంపరుకు రాసుకోవడంతో, ఆ కారు వెనుక తలుపు సొట్టపోయింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. కారాయన దిగీ దిగగానే డబ్బు అడిగారు. ఎంతో కొంత ఇచ్చి వదిలించుకోవడం మా వృత్తిలో మామూలే గాని, లారీ యజమానిది, బీమా ఆయన పేరిట ఉన్నది, నేను డ్రైవర్లను సమకూర్చే ఏజెన్సీ పంపగా వచ్చినవాణ్ణి కనుక, ఏదీ ఒప్పుకొనే అధికారం నాకు లేదని నెమ్మదిగా చెప్పాను.

బండ్లు కదపకముందే రెండు నంబరు ప్లేట్లు, చక్రాలు ఉన్న తీరు, రోడ్డు మీది గీతలు కనిపించేలా ఫోటోలు తీశాను. సొట్టను మాత్రమే దగ్గరగా తీస్తే ఎవరు ఎవరి వరుసలోకి వచ్చారో తెలియదు. దూరం నుంచి తీసినదే పనికివస్తుంది. లైసెన్సు, బీమా వివరాలు ఇద్దరమూ రాసుకొన్నాము. మోటారు వాహనాల చట్టం, 1988లోని 134వ సెక్షను ప్రకారం, ఎదుటివారి ఆస్తికి నష్టం జరిగినా, పోలీసులు అక్కడ లేకపోతే 24 గంటలలోగా దగ్గరి స్టేషనులో తెలపాలి, బీమా సంస్థకూ రాతపూర్వకంగా తెలియజేయాలి కనుక, స్టేషనులో కాగితం ఇచ్చి, దాని నకలును యజమానికీ ఏజెన్సీకీ ఒకేసారి వాట్సాప్‌లో పంపాను.

అయినా ఏజెన్సీవారు నన్ను ఒక్క మాట అడగకుండానే జీతంలో కోత వేశారు. ఫోటోలు, నకలు జతచేసి, కోతకు కారణం రాతపూర్వకంగా తెలపమని కోరాను. బీమా ద్వారానే తేల్చుకొంటానని యజమాని కూడా వారికి చెప్పడంతో, తరువాతి జీతంలో ఆ మొత్తాన్ని తిరిగి కలిపారు.