స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం దగ్గర శబ్దమా? విప్పే ముందు ఇవి చూడండి

మారుతి 800, జెన్, ఆల్టో, శాంత్రో, పాత స్విఫ్ట్ లాంటి కార్లు పదిహేనేళ్లు దాటాక మలుపులో శబ్దం చేస్తే షెడ్డులో వినపడే తొలి మాట "యాక్సిల్ పోయింది". యాక్సిల్ అంటే గేర్ బాక్సు నుంచి చక్రాన్ని తిప్పే షాఫ్టు. కొన్నిసార్లు అది నిజమే. కానీ యాక్సిల్ మార్చాక కూడా శబ్దం అలాగే ఉండిపోయిన బండ్లు చాలానే ఉంటాయి. ఏ భాగం పోయిందో తేల్చేది శబ్దం ఎంత గట్టిగా ఉందన్నది కాదు, అది ఎప్పుడు వస్తోందన్నది.

ముందుగా డిక్కీ ఖాళీ చేయండి. వదులైన జాకీ, స్టెప్నీ మలుపులో దొర్లి చేసే చప్పుడు అచ్చం సస్పెన్షన్ చప్పుడులాగే ఉంటుంది. తర్వాత చక్రాల నట్లు పానాతో చూడండి. ఈ మధ్య పంక్చరు వేయించి ఉంటే ఇది మరీ ముఖ్యం.

శబ్దం ఎప్పుడు?

బండి కదలకుండా, ఇంజన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. తర్వాత ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మొదటి గేరులో మెల్లగా రెండు వైపులా గుండ్రంగా నడపండి. రివర్సులోనూ అదే చేయండి. చివరగా స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా, ఒక్కో చక్రం విడిగా ఎక్కేలా దాటించండి. పక్క సీటులో ఒక మనిషి చెవి ఒగ్గి కూర్చుంటే ఇంకా మంచిది.

నడుస్తూ తిప్పితే టక్ టక్ టక్, వేగంతో పాటు పెరుగుతుంది

ఇదీ అసలైన యాక్సిల్ శబ్దం. చక్రం వైపు ఉండే సీవీ జాయింట్‌లో (చక్రం పక్కకు తిరిగినా షాఫ్టు దాన్ని తిప్పేలా చేసే కీలు) ఆరు ఉక్కు గుండ్లు గాళ్లలో దొర్లుతుంటాయి. పైన ఉన్న రబ్బరు బూటు చిరిగితే గ్రీజు చిమ్మిపోయి, దుమ్మూ వాననీరూ లోపలికి చేరతాయి. గాళ్లు అరిగి, తిప్పిన ప్రతిసారీ గుండు ఎగిరి పడుతుంది. కుడికి తిప్పితే భారం ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి అప్పుడు వచ్చే శబ్దం సాధారణంగా ఎడమ జాయింటుది. రిమ్ము లోపలి వైపు నల్లటి గ్రీజు చారలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

బూటు చిరిగింది గానీ శబ్దం ఇంకా మొదలు కాలేదా? జాయింటు విప్పి డీజిలుతో కడిగి, బాగా ఆరబెట్టి, కిట్‌తో వచ్చే నల్లటి మాలిబ్డినం గ్రీజు ట్యూబు మొత్తం నింపి కొత్త బూటు, కొత్త క్లాంపులు వేస్తే చాలు. మామూలు బేరింగ్ గ్రీజు పెట్టొద్దు. శబ్దం మొదలయ్యాక మాత్రం గ్రీజు కొట్టించడం డబ్బు దండగ, జాయింటు మార్చాల్సిందే. యాక్సిల్ నట్టు పాతది మళ్లీ వాడకండి. షాఫ్టు గేర్ బాక్సులోంచి లాగితే ఆయిల్ కారుతుంది. కాబట్టి బిగించాక లెవెల్ ప్లగ్ రంధ్రం అంచు దాకా నింపాలి, ఆయిల్ సీల్ అంచు కూడా చూడాలి.

నేరుగా వెళ్తూ యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడు దబ్ మంటే అది గేర్ బాక్స్ వైపు జాయింటో, ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటో అయి ఉంటుంది. మలుపుతో దానికి పని లేదు.

నిలబడి ఉన్నప్పుడే, తిప్పుతుంటే ఠంగ్ మని ఒక్కసారి

సీవీ జాయింట్ ఇలా చేయదు, ఎందుకంటే చక్రం తిరగట్లేదు. షాకప్ పైన ఉండే మౌంట్ బేరింగ్ పట్టేసింది. స్టీరింగుతో పాటు స్ప్రింగ్ సాఫీగా తిరగక మెలిపడి, ఒక్కసారిగా జారుతుంది. బానెట్ తీసి ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే, మరొకరు మౌంట్ మీద అరచెయ్యి పెడితే ఆ దెబ్బ చేతికి తెలుస్తుంది. చెయ్యి స్ప్రింగ్ చుట్ల మధ్యలోకి మాత్రం పోనివ్వకండి. మౌంటూ బేరింగూ రెండు వైపులా కలిపి మార్చండి. షాకప్ బండిలో ఉండగా గానీ, బయటకు తీశాక స్ప్రింగ్ కంప్రెసర్ వేయకుండా గానీ మధ్య నట్టు విప్పితే స్ప్రింగ్ ఎగిరి తలకాయ పగులుతుంది.

గుంతలోనూ, మలుపులోనూ దబ్ మని బరువైన దెబ్బ

అశ్రద్ధ చేయకూడనిది ఇదే. వెనక చక్రాలకు ఇటుకలు పెట్టి, జాకీతో లేపి, బాడీ కింద స్టాండు వేయండి. ఒట్టి జాకీని నమ్ముకుని కిందకు దూరొద్దు.

చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట పట్టుకుని ఊపండి. ఊగితే బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. ఊగడం ఆగితే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్ (చక్రం వైపు భాగాన్ని కింది ఆర్మ్‌కు కలిపే గుండ్రటి కీలు). 9, 3 దగ్గర ఊగితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీకి చక్రం వైపు ఉండే కీలు) లేదా రాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగే పళ్ల కడ్డీ). తర్వాత లోయర్ ఆర్మ్‌కీ నకిల్‌కీ (చక్రాన్ని మోసే ఇనుప భాగం) మధ్య రాడ్డు పెట్టి ఎత్తండి. బాల్ జాయింట్ మెడ కదిలితే బండి రోడ్డెక్కకూడదు. అది ఊడితే చక్రం పక్కకు మడత పడిపోతుంది. చిన్న కార్లలో చాలావాటికి ఇది ఆర్మ్‌తో కలిసే వస్తుంది, మొత్తం ఆర్మ్ మార్చడమే నయం. బిగించేటప్పుడు బాల్ జాయింట్ కాడకున్న గాడిలోంచి పించ్ బోల్ట్ (కాడను బిగించి పట్టే బోల్టు) పోయిందో లేదో చూసుకోండి.

2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800కి ఒక ప్రత్యేకత ఉంది. లోయర్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచేది స్టెబిలైజర్ బారే (మలుపులో బండి ఒరగడాన్ని తగ్గించే అడ్డ కడ్డీ). దాని చివరి రబ్బరు బుష్‌లు ఎండి పగిలితే బ్రేకు వేస్తూ తిప్పినప్పుడు చక్రమే జరిగి దబ్ మంటుంది. ఈ బారుకు విడిగా లింక్ రాడ్లుండే కార్లలో వాటి బాల్స్ వదులైతే చిన్న గుంతల్లో కటకట మంటాయి. రెండూ తక్కువ ఖర్చు పనులే.

మిగతావి

శబ్దం వస్తుండగా బ్రేకు పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించండి. ఆగిపోతే ప్యాడ్లో, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులో, దాని బోల్టులో వదులయ్యాయి. కాళ్ల దగ్గర నుంచి చప్పుడు వస్తూ స్టీరింగ్ చేతికి కొడుతుంటే పెడల్స్ పైన ఉన్న స్టీరింగ్ షాఫ్ట్ జాయింటును చేత్తో పట్టుకుని తిప్పించి చూడండి.

టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటే అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా పోతుంది. ఆర్మ్ బుష్ బోల్టులను చక్రాలు గాల్లో ఉండగా పూర్తిగా బిగిస్తే రబ్బరు మెలిపడి కొన్ని నెలలకే చిరుగుతుంది. బండిని నేల మీదకు దించి, నాలుగుసార్లు ముందుభాగాన్ని నొక్కి వదిలి, ఆ తర్వాతే ఆఖరి బిగింపు ఇవ్వాలి.