64 గడుల గింజలు: 20 అంకెల సంఖ్యను కాగితం మీద విడగొట్టడం

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు. ఇలా 64 గడులూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? మా వరండా ట్యూషన్లో ఈ లెక్క ఇస్తే ఒక పిల్లాడు ఫోన్లో కొట్టి, "1.8446744, పక్కన E19 అని వస్తోంది టీచర్" అన్నాడు. E19 అంటే దాన్ని 10 పవర్ 19తో గుణించాలని. అంటే చివరి అంకెలు ఫోన్ మింగేసింది. ఈ సంఖ్యను ప్రధాన సంఖ్యల గుణకారంగా విడగొట్టాలంటే మనకు కావలసింది అవే. అందుకని ముందు సంఖ్యను పూర్తిగా రాసుకోండి:

1,84,46,74,40,73,70,95,51,615

1,84,467 కోట్ల కోట్ల పైమాటే.

తేలికైనవి ముందు. చివర 5 ఉంది కాబట్టి 5తో భాగం పోతుంది. చివరి రెండంకెలు 15, కనుక 25తో పోదు. అంకెలన్నీ కూడితే 87. 3తో పోతుంది, 9తో పోదు.

ఇక్కడ 7, 11, 13 అంటూ వరసగా భాగించుకుంటూ పోకండి, తెల్లారిపోతుంది. ఈ సంఖ్య ఎలా పుట్టిందో చూడండి. ఇంకొక్క గింజ కలిపితే సరిగ్గా 2 పవర్ 64. అంటే మనది అందులో ఒకటి తక్కువ. తొమ్మిదో తరగతి ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్ సూత్రం చాలు: (2 పవర్ 32 + 1) × (2 పవర్ 32 − 1). రెండోదాన్ని మళ్ళీ అలాగే విడగొట్టండి, మళ్ళీ మళ్ళీ. చివరికి మిగిలేవి 3, 5, 17, 257, 65537, 4294967297.

మొదటి నాలుగూ ప్రధాన సంఖ్యలే. ఇలా 2 పవర్ 1, 2, 4, 8, 16 అంటూ రెట్టింపయ్యే పవర్లకు ఒకటి కలిపితే వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ అనే గణితవేత్త చివరిదాన్ని, అంటే 4294967297ని, విరగ్గొట్టాడు. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే పని అయిపోతుంది:

4294967297 = 641 × 6700417

నాకు మాత్రం మొదటిసారి కాలేదు. చివర 97 బదులు 79 అని రాసుకుని, శేషం ఎందుకొస్తోందో తెలియక అరగంట టెన్షన్ పడ్డాను. భాగించే ముందు సంఖ్యను పైకి చదవండి.

ఇక 6700417. దీని వర్గమూలం 2588 పైన కొంచెం. శేషం షరతు దీనికీ వర్తిస్తుంది కాబట్టి మళ్ళీ 641, ఆపైన 769, 1153, 1217, 1409, 1601, 2113. ఈ ఏడూ చూస్తే చాలు, ఏదీ పోదు. కనుక ఇదీ ప్రధాన సంఖ్యే. 65537కి షరతు 32తో శేషం 1. వర్గమూలం 256 దగ్గరే కాబట్టి 97, 193 రెండే చూడాలి. అవీ పోవు.

మొత్తం ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు, ఒక్కొక్కటి ఒక్కసారే. ఒక్కో దాన్ని తీసుకోవచ్చు, వదిలెయ్యచ్చు. రెండును ఏడుసార్లు గుణిస్తే 128. ఒకటితోనూ తనతోనూ కలిపి ఈ గింజల కుప్పను మిగలకుండా సమానంగా పంచడానికి అన్ని దారులున్నాయి.