సన్‌స్క్రీన్ కొనేముందు ట్యూబు వెనుక వైపు చదవండి

చెమట పట్టగానే నుదుటి మీది సన్‌స్క్రీన్ కళ్ళలోకి దిగి మండటం, చామనచాయ ముఖం మీద తెల్లటి పూత తేలడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బందులు. ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకెతో ఆగకుండా వెనుకనున్న పదార్థాల జాబితాను కూడా చదివితే ఈ రెండూ చాలావరకు తప్పుతాయి. అవోబెంజోన్ వంటి రసాయన ఫిల్టర్లు (ఎండలోని హానికర కిరణాలను అడ్డుకునే పదార్థాలు) తెల్లదనం మిగల్చవు గాని కొందరికి కళ్ళు మండిస్తాయి. రెండో రకమైన ఖనిజ ఫిల్టర్లు, అంటే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, సున్నితమైన చర్మానికి సాధారణంగా పడతాయి గాని తెల్లగా కనిపిస్తాయి. అందుచేత ముఖానికీ మెడకూ మొదటి రకాన్ని రెండు వేళ్ళ పొడవున తీసుకొని, కళ్ళ చుట్టూ, కనుబొమల పైన మాత్రం జింక్ ఆక్సైడ్ ఉన్నదాన్ని రాసి, ఆరుబయట ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి తిరిగి రాసుకోవాలి. ఇలా వాడితే ఖరీదైన ఆ రెండో రకం చిన్న ట్యూబే చాలాకాలం వస్తుంది. జిడ్డు చర్మానికి జెల్ రకం చాలు. మంగు ఉన్నవారికి మాత్రం ఐరన్ ఆక్సైడ్లు కలిసిన రంగు సన్‌స్క్రీన్ అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మంగును పెంచే మామూలు వెలుతురును కూడా అవి కొంత అడ్డుకుంటాయి. అయితే రెండు రకాలనూ అరచేతిలో కలిపి రాయకూడదు. జింక్ ఆక్సైడ్‌తో కలిసినప్పుడు అవోబెంజోన్ ఎండకు త్వరగా బలం కోల్పోయే అవకాశం ఉంది.