జపాన్ పల్లెలో ఒక పూట కాఫీకి వెళ్ళాలంటే

పక్కింటి వదినగారు వచ్చే నెల నాగోయాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. మా అమ్మాయీ అల్లుడూ ఆ ఊళ్ళోనే ఉంటారు. నేనూ మావారూ ఇప్పటికి రెండుసార్లు వెళ్ళివచ్చాం. అందుకని ఆవిడ "అక్కడ తప్పకుండా చూడవలసినదేమిటి?" అని నన్ను అడిగారు. కోటలూ గుళ్ళూ పిల్లలే చూపిస్తారు. నేను ఒక్కటే చెప్పాను: ఒక రోజంతా తీరిక చేసుకుని పల్లెటూరి కెఫేకు వెళ్ళండి. మా కావలి నుంచి, నెల్లూరు, ఒంగోలు వైపుల నుంచి పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆవిడకు అరుగు మీద కూర్చుని చెప్పిందంతా వాళ్ళకోసం రాస్తున్నాను.

కాఫీ కోసం మూడు గంటల ప్రయాణమా అని మావారు మొదట ఒప్పుకోలేదు. మనం స్టీలు గ్లాసులో పోయించుకుని, నిలబడే తాగి, రెండు నిమిషాల్లో పనిమీద వెళ్ళిపోతాం. అక్కడ ఆ లెక్క పనికిరాదు. దుకాణానికి వెళ్తున్నామని కాక, ఒకరింటికి చుట్టపుచూపుగా వెళ్తున్నామని అనుకోండి. చాలాచోట్ల అది నిజంగా ఒకరి ఇల్లే. భార్యాభర్తలిద్దరే నడుపుతూ ఉంటారు. నాలుగైదు బల్లలకు మించి ఉండవు. నేను కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాట నుంచే వస్తాయి.

ముందు ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవాలి. పాతకాలపు కాఫీ దుకాణాన్ని అక్కడ కిస్సాతెన్ అంటారు. 1888లో టోక్యోలోని ఉయెనోలో మొదటి కాఫీ దుకాణం వెలిసింది కాబట్టి, కాఫీ వాళ్ళకు కొత్తదేమీ కాదు. నాగోయాలో అయితే పొద్దున్నే కాఫీ చెప్తే దానితోపాటు టోస్టు, ఉడికించిన గుడ్డు అదనపు డబ్బు లేకుండా వస్తాయి. ఇంటి దగ్గరే ఉంటుంది కాబట్టి అది ఏ రోజైనా చూడవచ్చు. నేను చెప్పేది రెండో రకం గురించి: కొమింకా కెఫే. కొమింకా అంటే పాతకాలపు ఇల్లు. మనుషులు వదిలేసిన పల్లెటూరి ఇంటిని బాగుచేసి అందులో కెఫే పెడతారు. మేము వెళ్ళిన ఇంట్లో తలెత్తి చూస్తే, ఎన్నో ఏళ్ళ పొయ్యి పొగకు నల్లబడి నిగనిగలాడుతున్న దూలాలు. కలిగిరి దగ్గర మా అమ్మమ్మగారి పెంకుటింట్లో వంటగది దూలాలు అచ్చం ఆ రంగే. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. కాఫీ వచ్చేదాకా నేను పైకే చూస్తూ కూర్చున్నాను.

మేము వెళ్ళింది నగానో రాష్ట్రంలోని అజుమినోకు. నాగోయా నుంచి షినానో అనే ఎక్స్‌ప్రెస్ రైల్లో మత్సుమోతో దాకా సుమారు రెండు గంటలు. అక్కడ ఓయితో లైనులో చిన్న రైలు ఎక్కితే అరగంటలో హోతాకా స్టేషను వస్తుంది. స్టేషను బయట అద్దె సైకిళ్ళు దొరుకుతాయి, నేల చదునుగానే ఉంటుంది. మేము వెళ్ళేటప్పుడు టాక్సీ ఎక్కి, వచ్చేటప్పుడు నడిచాం. నడవగలిగితే నడవండి. మే నెలాఖరులో పొలాల నిండా నీళ్ళు, అప్పుడే వేసిన నాట్లు, ఆ నీళ్ళలో మంచు కొండల నీడ. నెల్లూరు మొలకొలుకులు తిని పెరిగినవాళ్ళం. వరిమడి కనిపిస్తే కాళ్ళు వాటంతట అవే ఆగుతాయి. దారి పక్కన అక్కడక్కడ రాతి మీద చెక్కిన దంపతుల బొమ్మలు ఉంటాయి. వాటిని దోసోజిన్ అంటారు, ఊరి పొలిమేరనూ దారినీ కాపాడే దేవతలు. మన పోలేరమ్మను తలచుకుని దండం పెట్టుకున్నాను.

రోజు విషయంలో మేము ఒకసారి దెబ్బతిన్నాం. మొదటిసారి గురువారం వెళ్తే తలుపు మూసి ఉంది. చిన్న చెక్క పలక వేలాడుతోంది. అమ్మాయి దాన్ని చదివి చాలాసేపు మాట్లాడలేదు. అక్కడి కెఫేలకు వారంలో ఒకటి రెండు రోజులు సెలవు, దాన్ని తెయ్‌క్యూబి అంటారు. మనలాగా ఆదివారం కాదు, ఎక్కువగా వారం మధ్యలో పెట్టుకుంటారు. కొందరు చలికాలంలో నెలల తరబడి మూసేస్తారు. కాబట్టి పిల్లల చేత ముందురోజు ఫోను చేయించండి. మ్యాప్‌లో చూపే వేళలను మాత్రమే నమ్ముకోవద్దు. "రాస్తో ఓడా" ఎప్పుడో కూడా అడగమనండి. చివరి ఆర్డరు తీసుకునే సమయం అది, మూసే సమయానికి అరగంట ముందే ఉండటం మామూలు. ఆ రోజుకు చేసిన కేకులు అయిపోతే మళ్ళీ చేయరు. పదకొండు, పన్నెండు గంటల మధ్య చేరుకోవడం మంచిది.

పల్లె రైళ్ళు గంటకొకటి, ఒక్కోచోట ఇంకా తక్కువ. దిగగానే తిరుగు రైళ్ళ పట్టికకు ఫోటో తీసుకోండి, ఆ తరువాతే స్టేషను దాటండి. బస్సు ఎక్కవలసి వస్తే, ఎక్కే తలుపు దగ్గర యంత్రం నుంచి అంకె ఉన్న చీటీ తీసుకోవాలి. దిగేటప్పుడు ముందున్న పలకలో ఆ అంకె కింద ఎంత చూపిస్తే అంత డబ్బాలో వేయాలి. అందుకూ కెఫేకూ చిల్లర, వెయ్యి యెన్‌ల నోట్లు దగ్గర ఉంచుకోండి. కార్డు తీసుకోని చిన్న కెఫేలు ఇప్పటికీ ఉన్నాయి.

కాళ్ళ గురించి ఒక మాట. చాపల గదిలోకి చెప్పులతో వెళ్ళరు, ఉత్త కాళ్ళతో వెళ్ళడమూ అంత బాగుండదు. మన ఆడవాళ్ళం చెప్పులే వేసుకుంటాం కాబట్టి చేతిసంచిలో ఒక జత సాక్స్ పెట్టుకోండి. మామూలు సాక్స్ వేసుకుంటే మెట్టెలు నొక్కుకుని నొప్పి పెడతాయి. బొటనవేలు విడిగా ఉండే సాక్స్ అక్కడే దొరుకుతాయి, వదులుగా ఉన్నవి చూసి తీసుకోండి. గుమ్మంలో విప్పిన చెప్పులు ముందు వైపు వాకిలి దిక్కుకు ఉండేలా తిప్పి పెట్టాలి. మరుగుదొడ్డికి వేరే చెప్పులు ఉంటాయి, వాటితో బయటికి రాకూడదు. నేలమీద దిండు వేసి కూర్చోబెడతారు. మోకాళ్ళ నొప్పులుంటే "ఇసు" అని అడగండి, కుర్చీ ఉన్న బల్ల చూపిస్తారు.

లోపలికి వెళ్ళగానే ఖాళీ కనిపించిందని కూర్చోకండి. ఎంతమందో వేళ్ళతో చూపించి, వాళ్ళు చూపిన చోట కూర్చోండి. జనం ఎక్కువగా ఉంటే గుమ్మం దగ్గర ఒక కాగితం ఉంటుంది, అందులో పేరూ ఎంతమందో రాయాలి. మన ఇంటిపేర్లు వాళ్ళ నోరు తిరగవు, రెండక్షరాల పేరు రాయండి. సంచి పెట్టుకోవడానికి చిన్న బుట్ట ఇస్తారు. ముందుగా మంచినీళ్ళు, చుట్టిన తడిగుడ్డ తెచ్చిపెడతారు. గుడ్డ చేతులు తుడుచుకోవడానికే, ముఖానికి కాదు. ఎవరినైనా పిలవాలంటే చిటికెలు వేయకండి, "సుమిమాసెన్" అంటే చాలు. మెనూ చేత్తో రాసి ఉంటే ఫోనులో అనువాదం సరిగా రాదు. వేలితో చూపించి "ఒనెగైషిమస్" అనండి.

మనిషికి ఒకటి చొప్పున తప్పకుండా చెప్పాలి. ఒక కాఫీ ఇద్దరు పంచుకోవడం మన దగ్గర ముచ్చటే గాని, నాలుగు బల్లల మీద బతికే ఇంటికి అది నష్టం. కాఫీ ఒక్కటే అయితే 500 నుంచి 700 యెన్‌ల దాకా చూశాం. "కేకి సెత్తో" అని ఉంటే తీపీ కాఫీ కలిపి కాబట్టి కొంత తక్కువకే వస్తుంది. పాలు లేనిదే తాగలేనివాళ్ళు "కాఫే ఓరే" చెప్పండి. అందులో పాలు ఎక్కువగా ఉంటాయి, మావారు అదే తాగారు. నేను మాత్రం పాలు కలపని కాఫీ చెప్పాను. మీరూ ఒక్కసారి చెప్పి చూడండి.

కౌంటరు దగ్గర చోటు దొరికితే అక్కడే కూర్చోండి, కాఫీ ఎలా చేస్తారో కనిపిస్తుంది. మేము వెళ్ళినచోట పెద్దాయన గింజలను అప్పటికప్పుడు మర పట్టి, కాగితపు గరాటులో పొడి పోసి, వేలితో ఒకసారి తట్టి చదును చేశారు. సన్నటి ముక్కున్న కెటిల్‌తో నడిమధ్య నాలుగు చుక్కలు పోసి ఆగిపోయారు. పొడి నెమ్మదిగా కదిలి, నూనెలో వేసిన పూరీలా గుండ్రంగా పొంగింది. కొత్తగా వేయించిన గింజల్లో ఉండే గాలి బయటికి వచ్చేటప్పుడు అలా పొంగుతుందట, పాత గింజలైతే పొంగదు. ఆయన అరనిమిషం దాన్నే చూస్తూ నిలబడ్డారు. తరువాత నీళ్ళను దారంలాగా తిప్పుతూ పోశారు. మన ఇత్తడి ఫిల్టరులో డికాక్షన్ దానంతట అదే దిగుతుంది, మనం ఇంకో పని చూసుకుంటాం. ఆయన ఆ నాలుగు నిమిషాలూ చెయ్యి తీయలేదు. ఆ సమయంలో మాట్లాడించకండి.

తీపి దగ్గరికి వద్దాం. మలైకాజా, ఒంగోలు మైసూర్‌పాక్ తిన్న నోటికి అక్కడి తీపి మొదట చప్పగా అనిపిస్తుంది. చేదు కాఫీ ఒక గుక్క తాగి తినండి, అప్పుడు సరిపోతుంది. నాకు బాగా నచ్చింది జెన్‌జాయి. అజుకి అనే చిన్న ఎర్ర గింజలను (మన అలసందల కుటుంబమే) చక్కెరతో మెత్తగా ఉడికించి, వేడివేడిగా గిన్నెలో పోసి, కాల్చిన మోచి (జిగురు బియ్యంతో చేసే ముద్ద) ముక్క వేసి ఇస్తారు. పూర్ణాన్ని కొంచెం పలచన చేసి తాగినట్టు ఉంటుంది. పక్కన చిటికెడు ఉప్పటి ఊరగాయ పెడతారు, తీపి మొహం మొత్తకుండా. దానితో ఇచ్చిన చెంచా కొయ్యది. కాడ సన్నగా, అంచు పలచగా, వేడి పెదవికి తగలకుండా. దాన్ని తిప్పి తిప్పి చూశాను. మన ఉదయగిరి కొయ్య చెంచాలు పక్కన పెడితే అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. రెండోసారి జపాన్‌కు వెళ్ళినప్పుడు రెండు ఉదయగిరి చెంచాలు తీసుకెళ్ళి ఆ ఇంటావిడకు ఇచ్చాను. ఆవిడ రెండు చేతులతో అందుకున్నారు. మీరూ ఏదైనా ఇవ్వాలనుకుంటే ఇలాంటిది ఇవ్వండి, తినేవి వద్దు.

మోచి బాగా జిగురు. పెద్దవాళ్ళు చిన్న ముక్కలుగా కొరికి, బాగా నమిలి మింగాలి. గొంతులో ఇరుక్కుని ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు అక్కడా జరుగుతుంటాయి. వరాబిమోచి అనే జెల్లీలాంటి తీపి మీద వేయించిన సోయాపిండి చల్లుతారు. వాసన సున్నుండల పిండిని గుర్తుచేస్తుంది. నోటి దగ్గర పెట్టుకుని ఊపిరి పీల్చకండి, పొలమారుతుంది.

శాకాహారులు ఇది జాగ్రత్తగా చదవండి. నేను గుడ్డు కూడా తినను కాబట్టి కేకులు, పురిన్ అనే పుడ్డింగు నాకు పనికిరావు. కాఫీ జెల్లీ, కాల్చని చీజ్ కేకు వంటి వాటిలో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. కాంతెన్ మాత్రం సముద్రపు నాచు నుంచి చేస్తారు, మన చైనాగ్రాస్ అదే. నగానోలోని చినో ప్రాంతం చలికి గడ్డకట్టించి ఎండబెట్టే కాంతెన్‌కు పేరు పొందింది. కాంతెన్ ముక్కలు, అజుకి ముద్ద, పండ్లు, నల్ల చక్కెర పాకం కలిపిన అన్‌మిత్సు దొరికితే నిశ్చింతగా చెప్పండి. భోజనం కూడా పెట్టే కెఫేలలో చారులో ఎండుచేప రసం ఉంటుంది, కూరగాయల చారని కనిపించినా సరే. "మాంసం, చేప, గుడ్డు, జెలటిన్ తినము" అని పిల్లల చేత జపనీస్‌లో ఒక కాగితం మీద రాయించుకోండి. మేము ఆ కాగితం చూపించినప్పుడు ఆవిడ లోపలికి వెళ్ళి, డబ్బాల మీద రాసినవి చదివి వచ్చి, మెనూలో మూడింటి మీద వేలు పెట్టి తల ఊపారు.

ఫోను మోగకుండా పెట్టండి. మాట్లాడాలంటే వాకిట్లోకి వెళ్ళండి. అరిసెలు, మురుకులు సంచిలోనే ఉండనివ్వండి, రైల్లో తినవచ్చు. ఫోటో తీయాలనిపిస్తే కప్పుకు తీసుకోండి, ఇంటికి తీయాలంటే అడిగి తీసుకోండి, ఎదుటి బల్లలవాళ్ళు అందులో పడకూడదు.

లేచేటప్పుడు బల్ల మీద ఉన్న చీటీ తీసుకుని గుమ్మం దగ్గర డబ్బు కట్టాలి. డబ్బు చేతికి ఇవ్వకుండా అక్కడున్న చిన్న పళ్ళెంలో పెట్టండి. టిప్పు ఇచ్చే అలవాటు లేదు. బల్ల మీద వదిలేస్తే మరచిపోయారనుకుని వెంట తెచ్చిస్తారు. "గొచిసోసామా దెష్ట" అనండి. కడుపునిండా పెట్టారమ్మా అన్నట్టు ఉంటుంది ఆ మాట.

చెప్పులు వేసుకుని వెంటనే ఫోనులో దారి వెతుక్కుంటూ వెళ్ళిపోకండి. దారి మలుపు దాకా వెళ్ళాక ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. మేము తిరిగి చూసేసరికి ఆవిడ ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నారు. మావారు చెయ్యి ఊపారు, నేను నమస్కారం పెట్టాను. ఆవిడ నడుం వంచి, మేము కనుమరుగయ్యేదాకా అలాగే ఉన్నారు.